అక్క కొన్న ఇల్లుబండి

అక్క పోయిన మూడో నెలలో బావ ఫోన్ చేసి, "ఏమబ్బా, ఆ బండి యాడ చేసినారో కనుక్కుందాం, వస్తావా?" అన్నాడు. అప్పుడు నేను ధర్మవరంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాను. ఏ బండి అని అడగలేదు. హిందూపురంలో వాళ్ల పెరట్లో ఉన్నది ఒకటే బండి.

ఓపిక లేదు బావా అని చెప్పాలనుకున్నాను. నిజంగానే లేదు. అక్క జబ్బుతో ఉన్న రెండేళ్లూ నేను ధర్మవరానికీ హిందూపురానికీ మధ్య రైల్లో తిరుగుతూనే ఉన్నాను. ఆమె పోయాక చేయాల్సినవన్నీ చేసి ఇంటికొచ్చి పడ్డవాణ్ణి, మళ్లీ సరిగ్గా లేవనే లేదు. కాని కర్మకాండ అయినప్పటి నుంచి బావ తనంతట తాను నాకు ఫోన్ చేయడం అదే మొదలు. మా ఆవిడ వంటింట్లోంచి విని, "పోయిరా. ఆయప్ప ఒక్కడే గోడల్ని చూసుకుంటా కూచునుంటాడు" అంది. మరుసటి రోజు పొద్దున ప్యాసింజరు ఎక్కాను.

బావ ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. నేను రైల్వేలో టికెట్ల కౌంటర్లో కూర్చుని రిటైరయ్యాను. ఊళ్లన్నిటికీ టికెట్లు ఇచ్చిన మేమిద్దరం పెద్దగా ఎక్కడికీ పోయినవాళ్లం కాదు. తిరిగిందల్లా అక్కే. ఆమె ఏఎన్ఎం. గోరంట్ల, కొత్తచెరువు చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలకు సూదులు వేస్తూ, కాన్పులు చేస్తూ ఉద్యోగమంతా గడిపింది. ఆ పల్లెల్లో ఆమెకు పేరు లేదు, అందరికీ నర్సమ్మే. అక్కకూ బావకూ పిల్లలు లేరు.

బండిని ఆమె మొదట చూసింది బస్సు కిటికీలోంచి. పెనుకొండ నుంచి గోరంట్ల పోయే దారిలో, ఒక వేరుశనగ చేను గట్టున, చింతచెట్టు పక్కన ఉండేదట. ఆ చేను రైతు అందులో విత్తనాల మూటలు, మందు డబ్బాలు పెట్టుకునేవాడు. కారవాన్ అంటే మన వైపు అందరికీ సినిమావాళ్లు షూటింగుల్లో కూర్చునే ఏసీ బస్సే గుర్తొస్తుంది. ఇది అలాంటిది కాదు. దీనికి ఇంజను లేదు. రెండు చక్రాల మీద నిలబెట్టిన చిన్న గది, జీపుకో ట్రాక్టరుకో తగిలించి లాక్కుపోవాలి. బయట అల్యూమినియం రేకు, పైన గూడుబండి గూడులాగా వంగిన కప్పు. లోపల ఎదురెదురుగా రెండు బల్లలు, పడుకోవాలంటే వాటిని కలిపేసుకోవచ్చు. ఒక మూల వంటకు నల్ల కడపరాయి గట్టు. తలుపు అడ్డంగా రెండు ముక్కలు. కిందిముక్క మూసి, పైముక్క తెరిచి పెట్టుకోవచ్చు.

రిటైరైన ఏడాది అక్క ఆ రైతును ఒప్పించి దాన్ని కొనేసింది. లారీ మీద హిందూపురం వచ్చి పెరట్లో దిగేవరకు బావకు తెలీదు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

"ఏమే ఇది?" అన్నాడు బావ.

"ముప్పై ఏండ్లు పరాయోళ్ల వసారాల్లో పండుకున్యా. తలుపేసుకొని పండుకునే చోటు ఒకటి నాకూ ఉండల్ల."

"ఇంట్లో రెండు గదులుండాయి గదా. వాటికి తలుపుల్లేవా?"

"ఉండాయి. వాటిల్లో నువ్వుండావు" అంది అక్క నవ్వుతూ.

బావ నవ్వలేదు. ఆ తర్వాత మాత్రం ఆ బండిని చూసినప్పుడల్లా నవ్వేవాడు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించి, మా ఇంటామె రైలుపెట్టె కొన్యాది, ఇంగ ఇంజనొకటి కొనల్ల అని నవ్వేవాడు. అక్క అవేమీ పట్టించుకోకుండా బల్లల మీదకు పరుపులు కుట్టించింది, కిటికీలకు తెరలు కట్టింది. ఎండాకాలం మధ్యాహ్నాలు తిని అందులోకి పోయి తలుపు వేసుకునేది. తర్వాత ఆమె కిడ్నీలు చెడిపోయాయి. డయాలిసిస్ మంచం మీద పడుకున్నప్పుడు ఒకటి రెండుసార్లు నాతో అంది: "దాన్ని ఎవురు చేసినారో, దాంట్లో ఎవురుండిరో అని అప్పుడప్పుడు అనుకుంటాంటానబ్బా." అప్పుడు నేనూ బావా దాని గురించి ఏమీ చేయలేదు. చేసేంత తీరికా లేదు, ధ్యాసా లేదు.

ఆమె పోయాక ఆ ప్రశ్నను బావ పట్టుకున్నాడు. మొదట నాకు చెప్పిన పని ఇంటర్నెట్‌లో వెతకడం. నాకు ఇంగ్లీషు వచ్చని ఆయన నమ్మకం. వచ్చింది రైల్వే ఇంగ్లీషే. అయినా ఫోన్‌లో గంటలకొద్దీ వెతికితే, పాత కారవాన్ల మీద మోజున్న మనుషుల గుంపు ఒకటి కనిపించింది. వాళ్లకు బండి ఫోటోలు పెట్టాను. ఇంగ్లండులో ఉండే ఒక పెద్దాయన జవాబిచ్చాడు. మర్యాదస్తుడు, విసుగు లేని మనిషి. కప్పు వంపు, రెండు ముక్కల తలుపు చూస్తే ఫలానా పాత ఇంగ్లీషు మోడల్ అనిపిస్తోంది కాని, ఆ మోడల్‌కు పక్కన కిటికీలు మూడు, దీనికి రెండే అన్నాడు. ఇరుసు వేరే అన్నాడు. ఆ రాతి గట్టు చూసి ఆయనకు నవ్వొచ్చినట్టుంది. లాక్కుపోయే బండిలో ఏ కంపెనీవాడూ రాయి పరచడు అన్నాడు. తలుపు పక్కన కంపెనీ పేరున్న రేకు ఉంటుంది, దాని ఫోటో పంపండి అన్నాడు.

తలుపు పక్కన నాలుగు రివిట్ల బొక్కలున్నాయి. రేకు లేదు.

ఆ బొక్కల ఫోటోనే పంపాను. చాలా రోజుల తర్వాత ఆయన రాశాడు: మా దగ్గరున్న ఏ వివరాల్లోనూ ఇలాంటి మోడల్ లేదు, బహుశా ఇది చాలా అరుదైనది, ఇంకెక్కడా ఉండకపోవచ్చు. బావకు తెలుగులో చదివి వినిపించాను. సాయంత్రం టీ తాగడానికి పోతే అంగడి ముందు కూర్చున్న వాళ్లతో, "మా ఇంటామె కొన్న బండి ప్రపంచంలోనే ఒకటంట" అన్నాడు. ఈసారి ఆయన నవ్వలేదు, వాళ్లు నవ్వారు.

ఇక అక్కడి నుంచి హిందూపురంలో తిరుగుడు. లారీలకు బాడీలు కట్టే పాత షెడ్లు ఎక్కడుంటే అక్కడికి ఫోటో పట్టుకొని పోయేవాళ్లం. ఎండ, ఇనుము కోసే చప్పుడు, కూర్చోమని చూపించే గ్రీసు మరకల స్టూళ్లు. ఒకాయన ఇది మైసూరు మహారాజుల వేటబండి అన్నాడు. ఇంకొకాయన పాతకాలం సినిమా కంపెనీది అన్నాడు. సగం కన్నడంలో మాట్లాడే ఒకాయన, చరిత్ర ఏంటికప్పా, దుడ్లిస్తా, నాకిచ్చేయండి, రోడ్డుపక్కన కాఫీ హోటలు పెట్టుకుంటా అన్నాడు. బావ అతని ముఖం కూడా చూడకుండా బయటికొచ్చేశాడు.

మరొక షెడ్డులో, మా వయసాయనే, మమ్మల్ని చాలాసేపు కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి, చివరకు గంభీరంగా "ఇది మా నాయన చేసిందే" అన్నాడు. బావ ముఖం వెలిగిపోయింది. నాకెందుకో అనుమానమొచ్చి, ఇంగ్లండు పెద్దాయన పంపిన వేరే కారవాన్ ఫోటో ఒకటి చూపించాను. మంచులో నిలబెట్టి ఉంది అది. ఆయన కళ్లజోడు సర్దుకొని చూసి, "ఇదీ మా నాయన చేసిందే" అన్నాడు.

ఆ రోజు రైలు కోసం స్టేషన్లో కూర్చున్నప్పుడు బావతో అన్నాను, "చాలిద్దాం బావా. ఎవరికీ తెలీదు. నా మోకాళ్లు పోతున్నాయి."

"నువ్వు రావొద్దులే. నేను పోతా" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే నేను మళ్లీ వెళ్లాను.

దారి దొరికింది పెనుకొండలో. బావ కండక్టరుగా ఉన్నప్పటి నుంచి తెలిసిన ముసలాయన ఒకడు బస్టాండు దగ్గర పూలు అమ్ముతుంటాడు. ఫోటో చూడగానే, "ఇది నీళ్లోళ్ల బండి గదప్పా" అన్నాడు. "కరువు కాలంలో ఊరూరికీ తిప్పుతాంటిరి. దాన్ని లాగిన జీపు డ్రైవరు పోయినాడు. ఆయన పెండ్లాము ఉండాది, చర్చి ఎనక సందులో."

మేం వెళ్లేసరికి ఆ పెద్దామె గుమ్మంలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఎనభై దాటిన మనిషి. తెల్లచీర, మెడలో చిన్న సిలువ. కోడలు మాకు కుర్చీలు వేసి లోపలికి పోయింది. బావ ఫోన్‌లో ఫోటోను పెద్దది చేసి ఆమె కళ్ల దగ్గర పెట్టాడు. ఆమె చూపు సరిగా ఆనదని, కొంచెం దూరం జరపమంది. చూసింది. ఆశ్చర్యమేమీ పడలేదు.

"ఇది ఇంగా ఉండాదా?" అంది.

"ఉండాదమ్మా. మా ఇంట్లో ఉండాది. ఇది యాడిది?"

ఆమె గింజలు తీస్తూనే చెప్పింది. బావులన్నీ ఎండిపోయిన కరువులో, ఏ నేల కింద నీళ్లున్నాయో చూడడానికి ఒక సహాయ సంస్థ వాళ్లు ఈ వైపు వచ్చారట. వాళ్లతో వచ్చిన తెల్లాయన ఓడలో ఒక కారవాన్ తెప్పించుకున్నాడు. అది ఆయనకు బాగుందని, పల్లెల్లో దిగే మిగతా మనుషులకు కూడా అలాంటివే కావాలనుకున్నాడు. అన్నీ ఓడలో తెప్పించేంత స్తోమత లేదు. తన బండిని హిందూపురంలో ఒక షెడ్డుకు తోలించి, దీన్ని చూసి ఇలాంటివి చేయండి అన్నాడు.

"మూడు చేసిరి" అంది. "దారం పెట్టి కొలుచుకొని చేసిరంట. మీది ఆ తెల్లాయన బండి కాదప్పా. మూడిట్లో ఒకటి."

"ఎట్ల చెప్తావమ్మా?" అన్నాడు బావ.

"తెల్లాయన దాంట్లో వంటకాడ స్టీలు తొట్టి ఉండె. వీళ్లకు అట్లాంటిది దొరకల్యా. కడపరాయి పరిచిరి. అది ఎత్తు దిగినప్పుడంతా బండిని ఒక పక్కకు గుంజుతాంటుందని మా ఆయన తిడతాండె."

నేను రేకు గురించి అడిగాను. తలుపు పక్కన నాలుగు బొక్కలున్నాయి, అక్కడ కంపెనీ పేరేదైనా ఉండేదా అని.

"తెల్లాయన బండికి ఇత్తడి రేకు ఉండె, ఇంగ్లీషులో ఏమో రాసి. దాన్ని చూసి వీళ్లూ ఆ జాగాలోనే రేకులు కొట్టిరి. ఏమి రాయల్లో తెలీక ఏమీ రాయలేదు. ఉత్త రేకు. మేముండిన బండిది గాలికి టకటకమని కొట్టుకుంటాంటే నేనే పీకి పారేయమంటి."

నేను బావ వైపు చూశాను. ఇన్ని నెలలు మేం వెతికిన పేరు ఆ రేకు మీద ఎప్పుడూ లేదు. నాకు నవ్వాలో ఏం చేయాలో తెలియలేదు. గోడకు ఆనుకొని కూర్చుండిపోయాను. బావ మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నాడు. మూడింటిలో ఒకటి గోరంట్ల దారిలో బోల్తాపడి తునాతునకలైంది. ఒకటి తనకల్లు వైపు పల్లెల్లో ఉండిపోయింది. మూడోదాంట్లో ఈమె, ఈమె భర్త, వాళ్ల పెద్దకొడుకు నాలుగేళ్లు ఉన్నారు. తెల్లాయన తన దేశం వెళ్లిపోయాడు, ఆయన బండి ఏమైందో ఆమెకు తెలీదు.

"షెడ్డు ఎవరిదమ్మా?" అన్నాను.

"షెడ్డు ఎప్పుడో మూసేసిరి. కట్టెపని చేసినాయన మాత్రం మంచోడు. నాకు కూచునేకి ఒక పీట చేసిచ్చె. ధర్మవరం పాయె, మగ్గాలు చేసేకి."

కండ్ల పరీక్షకు హిందూపురం వచ్చే పనుంది, అప్పుడు బండిని చూస్తానంది. బావ తన నంబరు కోడలికిచ్చి, రెండుసార్లు చదివి వినిపించాడు.

ధర్మవరంలో మగ్గాలు చేసే ఇళ్లు కొన్నే. ఈసారి బావే రైలెక్కి మా ఇంటికొచ్చాడు. మా ఆవిడ పెట్టిన సంగటి, చారు తిని, ఇద్దరం బయల్దేరాం. రెండోరోజుకు ఇల్లు దొరికింది. మా ఇంటికి రెండు వీధుల అవతల. కట్టెపని చేసినాయన పోయి ఏడాది దాటింది. గోడమీది ఫోటోకు దండ వేసి ఉంది. ముఖం చూడగానే గుర్తుపట్టాను. కదిరికి టికెట్టు తీసుకునేవాడు, చిల్లర సరిగ్గా తెచ్చేవాడు. ఎన్నేళ్లుగానో నా కౌంటరు ముందు నిలబడ్డ మనిషి.

కొడుకు ఇప్పుడు మగ్గాల మరమ్మతు చేస్తాడు. మేం చెప్పింది విని, ఫోటో తీసుకొని చాలాసేపు చూశాడు.

"మా నాయన ఇది చేసినాడా? మాకు ఎప్పుడూ చెప్పలేదే" అన్నాడు.

"హిందూపురంలో ఉన్నప్పుడు" అన్నాడు బావ. "కప్పు చూడు, ఎట్ల వంచినారో."

"కట్టె వంచేది నాయనకు బాగా వచ్చు. ముందు గూడుబండ్లు చేస్తాండెనంట." అతను లోపలికి తిరిగి, "అమ్మా, ఈడికి రా" అని పిలిచాడు. వాళ్లమ్మకు చెవులు వినపడవు. కొడుకు ఆమె చెవిలో గట్టిగా చెప్పాడు. ఆమె ఫోటో చూసి, మా ఇద్దరినీ చూసి, మళ్లీ ఫోటో చూసింది. అడగడానికి పోయిన మేమే వాళ్లకు అంతా చెప్పి వచ్చాం: తెల్లాయన, ఓడ, దారంతో కొలవడం, మూడు బండ్లు. వచ్చేటప్పుడు అతను ఆ ఫోటో తన ఫోన్‌కు పంపించుకున్నాడు. మా వీధి మలుపు దాకా వెంట వచ్చాడు. నాకు కాళ్లు లాగుతున్నా, అతను మాట్లాడుతుంటే ఆగి నిలబడ్డాను.

పెద్దామె హిందూపురం వచ్చింది ఏప్రిల్లో. కంటి ఆసుపత్రిలో పనయ్యాక కోడలు ఆటోలో తీసుకొచ్చింది. ఆమె వస్తుందని బావ ముందురోజే బండిని కడిగి, తెరలు ఉతికించి, లోపల ఊదుబత్తి వెలిగించి పెట్టాడు. నన్ను కూడా రమ్మన్నాడు. మిట్టమధ్యాహ్నం, రేకు మీద ఎండ కళ్లలో పొడుస్తోంది.

ఆమె బండి చుట్టూ ఒకసారి నడిచింది. బావ తలుపు రెండు ముక్కలూ తెరిచి పట్టుకున్నాడు. ఆమె లోపలికి తల పెట్టి, కడపరాయి మీద అరచేయి ఆనించింది. తర్వాత పైకి చూసి, కప్పులో ఒక ఇనుప కొక్కెం కోసం తడిమింది. ఉంది.

"మేముండిన బండి ఇదే. ఉయ్యాల కట్టేకి నేనే కొట్టించింటి" అంది.

"లోపలికి రామ్మా" అన్నాడు బావ. "పరుపుండాది, కొంచేపు పండుకో. శానా దూరం నుంచి వచ్చినావు."

"వద్దప్పా."

"ఏం కాదమ్మా, నీ బండే గదా."

"దీంట్లో పగలు పండుకొనే మనిషి ఎవురప్పా?" అంది ఆమె. "ఎండాకాలం పొయ్యిమింద పెనం మాదిరి ఉంటాండె. పిల్లోన్ని ఎత్తుకొని దీని కింద నీడకు పండుకొంటాంటి. రాత్రిపూట పక్కన చాప. వంట మాత్రం లోపలే, దుమ్ము పడుతుందని. ఆరుమందికి వండుతాంటి. నా నడుము ఈడనే పాయె." ఆమె ఆ రాయిని ఇంకోసారి తట్టి, కోడలి చేయి పట్టుకుంది. "బాగా పెట్టుకున్యారు. మంచిదే" అంది. నీళ్లు తాగి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఆటో పోయాక బావ తలుపు పట్టుకొని అలాగే నిలబడ్డాడు.

"మీయక్క దినామూ తిని దీంట్లోకి పోతాండె" అన్నాడు. "బయటికొస్తే జాకెట్టంతా తడిసిపోయింటాండె. ఎట్లుండాదే లోపల అని నేను అడుగుతాంటి, నవ్వేకి. చల్లగా ఉండాది అంటాండె."

ఆయన నా వైపు తిరిగాడు.

"ఏంటికట్ల చెప్పిందబ్బా?"

"ఆమెకు నిజంగా అట్లనే అనిపించిందేమో బావా."

"లేదు. నేను నవ్వుతాననే."

అలా అని ఆయన లోపలికెక్కి తలుపు రెండు ముక్కలూ మూసుకున్నాడు. నేను బయట మెట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి లేచి, తలుపు తట్టాలా వద్దా అని నిలబడ్డాను. డెబ్బైకి దగ్గరపడుతున్న మనిషి, బీపీ ఉంది, ఎండ అలా ఉంది. కాని ఆపాలనిపించలేదు. మా అక్క అంతసేపూ అందులో ఏం చేసేదో నాకూ తెలీదు. పడుకునేదో, ఊరికే కూర్చునేదో. ముప్పై ఏళ్లు రాత్రనకా పగలనకా ఎవరో ఒకరు వచ్చి తలుపు కొట్టి లేపిన మనిషి. ఆ ఉక్కలో కూడా ఆమెకు కావలసింది ఏదో దొరికే ఉంటుంది, లేకపోతే మర్నాడు మళ్లీ పోదు. ఈ మాట బావకు చెప్పాలని ఉండింది. ఎలా చెప్పాలో తోచలేదు.

చివరకు చెంబుతో నీళ్లు తెచ్చి తలుపు తట్టాను. బావ తీశాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. నీళ్లన్నీ తాగి, "ఉడుకు" అన్నాడు. ఆ వారమే మనుషుల్ని పిలిపించి బండి మీద కొబ్బరాకుల పందిరి వేయించాడు.

ఇక్కడితో అయిపోతుందనుకున్నాను. వానలు రెండు పడ్డాక మళ్లీ ఫోన్. "తనకల్లు కాడ ఒకటి ఉండాదని చెప్పె గదా ఆయమ్మ." నాకు కోపం వచ్చింది. ఎందుకు బావా, అంతా తెలిసింది గదా అన్నాను. ఉంటే చూద్దాం, లేకపోతే లేదని తెలుస్తుంది అన్నాడు. హిందూపురం వెళ్లి, గోరంట్ల మీదుగా కదిరికి ఒక బస్సు, అక్కడి నుంచి తనకల్లుకు ఇంకొకటి, ఆపైన అడుగుతూ అడుగుతూ ఆటోలో. పల్లె చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. గొర్రెలు మేపుకునే కుటుంబం ఇంటికి దారి చూపించారు.

బండి లేదు. ఆ ఇంటామె చేతిలో చాటతోనే బయటికొచ్చి, వాళ్ల మామ కాలంలోనే రేకంతా ఊడదీసి అమ్మేశారని చెప్పింది. ఇరుసు కొన్నాళ్లు ట్రాక్టరు ట్రాలీ కింద నడిచిందట. బోరు దగ్గర బట్టలుతికే బండ చూపించింది. కడపరాయి, మా దాని అంతే పొడవు. గొర్రెల దొడ్డికి తడిక బదులు ఒక సగం తలుపు కట్టి ఉంది. రంగు పోయి బూడిదలా అయింది కాని గడియ మన గడియే. బావ వంగి ఆ గడియను ఒకసారి తీసి వేశాడు.

"తలుపు కావాల్నాప్పా?" అంది ఆమె అనుమానంగా. "అది తీస్తే గొర్రెలు యాడుంటాయి?"

"వద్దమ్మా. ఊరికే చూసేకి వచ్చినాం" అన్నాడు బావ.

ఇంత దూరం ఊరికే చూడడానికి వచ్చినవాళ్లను ఆమె ఎప్పుడూ చూసి ఉండదు. మజ్జిగ ఇచ్చింది. తాగి, ఆటో కోసం రోడ్డు దాకా నడిచి, చెట్టుకింద నిలబడ్డాం. కదిరిలో బస్సు మారాక బావ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ బస్సులో కూర్చున్నవాడే కాదు ఆయన. నోరు కొంచెం తెరుచుకొని, గోరంట్ల దాటేదాకా కదల్లేదు. నా భుజం తిమ్మిరెక్కింది. అలాగే ఉంచాను.

ఇంగ్లండు పెద్దాయన అప్పటికి రెండుసార్లు అడిగి ఉన్నాడు. మేం తెలుసుకున్నది రాసిస్తే తన స్నేహితులందరికీ పంపుతాడట, మోడల్ అన్నాక ఒక పేరుండాలి, మీరే పెట్టండి అన్నాడు. ఆ రాత్రికి హిందూపురంలోనే ఉండిపోయి, పొద్దున టిఫిన్ తింటూ బావను అడిగాను. అక్క పేరు పెడదామా అన్నాను. ఆయన ఇడ్లీ ముక్క చేతిలో పెట్టుకొని ఆలోచించాడు.

"వద్దులే. ఆయమ్మ ఉండె, మీయక్క ఉండె, ఇంగా ఎవురెవురుండిరో. హిందూపురంలో మూడు చేసినారు, ఒకటి ఉండాది అని రాయి. చాలు."

రైలెక్కాక ఫోన్ తీసి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఇంగ్లీషులో అంతా రాశాను. తెల్లాయన సంగతి, దారం, రాయి, ఉత్త రేకు, ధర్మవరం కట్టెపనాయన, పెనుకొండ పెద్దామె. ఎండాకాలం లోపల ఉండలేమని కూడా రాశాను. అక్క గురించి రాయలేదు. పంపించి, ఫోన్ జేబులో పెట్టుకొని, కిటికీకి తల ఆనించాను.

లేచేసరికి బయట పెద్ద స్టేషను. బోర్డు చదివితే అనంతపురం. నలభై ఏళ్లు రైల్వేలో పనిచేసినవాణ్ణి, సొంత ఊరు దాటిపోయాను. దిగి, బెంచీ మీద కూర్చుని, ఇంటికి ఫోన్ చేశాను.

"యాడుండావు?" అంది మా ఆవిడ.

"అనంతపురంలో."

"ఆడేం పని?"

"ఏం పని లేదు. నిద్రపోయినా" అన్నాను.